సేవ్ నొక్కితే ఎవరెవరికి కనిపిస్తుంది? యూజర్లు గోల చేస్తేనే వచ్చిన ప్రైవసీ ఆప్షన్ల కథ ఇదీ..

ఉద్యోగం మారదామనుకుంటున్నారు.. ఇంటర్వ్యూ టిప్స్ వీడియో కనబడగానే సేవ్ నొక్కేశారు. ఒంట్లో ఏదో తేడాగా ఉంది.. డాక్టర్ చెప్పిన వీడియో ఒకటి దాచుకున్నారు. ఇందులో తప్పేం లేదు. కానీ ఆఫీసులో మేనేజర్‌కో, ఊళ్లో మేనత్తకో తెలియాల్సిన సంగతులు మాత్రం కావివి. మరి ఆ సేవ్ లిస్ట్ ఎవరెవరికి కనిపిస్తోంది? యాప్‌ని బట్టి జవాబు మారిపోతుంది. ఈ విషయంలో యూజర్లకు, కంపెనీలకు మధ్య పేచీ ఇరవై ఏళ్ల నాటిది.

అసలు ఎక్కడ మొదలైంది?

ఇంకా స్మార్ట్‌ఫోన్లు చేతికి రాని రోజులవి. 2003లో అమెరికాకు చెందిన జాషువా షాక్టర్ 'డెలిషియస్' అనే సైట్ మొదలుపెట్టారు. అప్పటిదాకా చాలామంది నచ్చిన వెబ్ పేజీని బ్రౌజర్‌లోనే బుక్‌మార్క్ చేసుకునేవాళ్లు. కంప్యూటర్ మారితే ఆ లిస్ట్ వెంట రాదు. డెలిషియస్ ఆ లిస్ట్‌ని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ప్రతి లింక్‌కి 'వంట', 'ట్రావెల్' అంటూ నచ్చిన ట్యాగ్ తగిలించుకోవచ్చు. అదే లింక్‌ని ఇంకెంతమంది దాచుకున్నారో, వాళ్లు ఇంకేమేం దాచుకున్నారో కూడా చూసేయొచ్చు. దీన్నే సోషల్ బుక్‌మార్కింగ్ అన్నారు. 2005 డిసెంబర్‌లో యాహూ ఈ సైట్‌ని కొనేసింది. 2008 చివరికి 53 లక్షల మంది యూజర్లు, 18 కోట్ల లింకులు ఉన్నట్టు డెలిషియస్ చెప్పుకుంది.

మెలిక ఎక్కడుందంటే.. మొదట్లో ఇందులో దాచుకున్నవన్నీ పబ్లిక్కే. పేరు తెలిస్తే చాలు, ఎవరైనా ఆ యూజర్ పేజీకి వెళ్లి మొత్తం లిస్ట్ చూడొచ్చు. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇందులో లాజిక్ లేకపోలేదు. ఒకరు దాచుకున్నది పదిమందికి కనబడితేనే ఆ సైట్‌కి విలువ. అందరూ తాళం వేసుకుంటే ట్యాగ్ పేజీలు ఖాళీ. కానీ యూజర్ల బాధ వేరు. బుక్‌మార్క్ అనేది ఎవరికో చెప్పడానికి పెట్టుకునేది కాదు, మళ్లీ చదువుకోవడానికి పెట్టుకునేది. ఒక్కో లింక్ విడిగా చూస్తే ఏమీ ఉండదు. ఆరు నెలల లిస్ట్ ఒకచోట చూస్తే మాత్రం ఆ మనిషికి అప్పులున్నాయా, జబ్బుందా, పెళ్లి ప్రయత్నాల్లో ఉన్నాడా అన్నది కళ్లకు కట్టినట్టు తెలిసిపోతుంది.

ప్రైవేట్ ఆప్షన్ కావాలని యూజర్లు అడుగుతూ వచ్చారు. చివరికి 2006లో 'షేర్ చేయొద్దు' అన్న టిక్ బాక్స్ వచ్చింది. అయినా డీఫాల్ట్ మారలేదు. టిక్ పెట్టడం మర్చిపోతే ఆ లింక్ పబ్లిక్కే!

ఆ తర్వాత గూగుల్‌కీ ఇదే దెబ్బ

2007 డిసెంబర్‌లో గూగుల్ రీడర్ ఇంకో అడుగు ముందుకేసింది. ఈ సర్వీసులో నచ్చిన ఆర్టికల్స్‌ని 'షేర్డ్ ఐటమ్స్' పేజీలో పెట్టుకునే వీలు అప్పటికే ఉండేది. అడ్రస్ తెలిసిన వాళ్లే ఆ పేజీకి వెళ్లేవాళ్లు. ఉన్నట్టుండి గూగుల్ ఆ లిస్ట్‌ని యూజర్ల జీమెయిల్ చాట్ కాంటాక్టులకు చూపించడం మొదలుపెట్టింది. కాంటాక్టుల్లో ఎవరుంటారు? స్నేహితులు, బంధువులు, పాత బాస్, ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్.. అందరూ ఉంటారు. యూజర్లు భగ్గుమన్నారు.

ఆ పేజీ ఎప్పుడూ పబ్లిక్కే కదా అన్నది ఒక వాదన. టెక్నికల్‌గా అది కరెక్టే కావచ్చు. కానీ రోడ్డు మీద ఎవరో తెలియని మనిషి మన చేతిలోని పుస్తకం చూడటం వేరు, ఆ పుస్తకం పేరు చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పడం వేరు. ప్రపంచానికి కనిపించినా ఫర్వాలేదు గానీ, తెలిసినవాళ్లకు కనిపించకూడదు అనుకునేవి చాలా ఉంటాయి. కంపెనీలు ఇప్పటికీ సరిగ్గా పట్టించుకోని పాయింట్ ఇదే. ఎవరికి కనబడాలో ఎంచుకునే కంట్రోల్స్‌ని గూగుల్ ఆ తర్వాతే తెచ్చింది.

ఇంతలో డెలిషియస్ చేతులు మారింది. 2011లో యూట్యూబ్ వ్యవస్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్ దాన్ని కొన్నారు. కొత్త ఓనర్ల దగ్గరికి తమ బుక్‌మార్కులు వెళ్లడానికి ఒప్పుకుంటున్నామని అప్పట్లో యూజర్లు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతా సైట్ నిలబడలేదు. 2017లో దాన్ని పిన్‌బోర్డ్ కేవలం 35 వేల డాలర్లకు కొనేసింది. ఈ పిన్‌బోర్డ్ ఎవరంటే, యూజర్ల దగ్గర నేరుగా ఫీజు తీసుకుని, 'సిగ్గరులకు సోషల్ బుక్‌మార్కింగ్' అన్న తరహాలో తనను తాను పరిచయం చేసుకున్న బుల్లి సైట్. అందరికీ చూపించాలన్న డెలిషియస్‌ని చివరికి కొన్నది అలాంటి సైట్ కావడం విచిత్రమే.

ఇప్పుడు మీ ఫోన్‌లో పరిస్థితేంటి?

ఇన్‌స్టాగ్రామ్‌లో సేవ్ చేసినవి మీకు మాత్రమే కనిపిస్తాయి. ఎంతమంది సేవ్ చేశారన్న నంబర్ క్రియేటర్‌కి తెలుస్తుంది, పేర్లు తెలియవు. లైక్ సంగతి వేరు. 2025 ఆగస్టులో రీల్స్‌కి 'ఫ్రెండ్స్' ట్యాబ్ వచ్చింది. మీరు ఏ రీల్‌కి లైక్ కొట్టారో, కామెంట్ పెట్టారో మీ స్నేహితులు అందులో చూడగలరు. వద్దనుకుంటే దాచుకునే ఆప్షన్ ఉంది, కానీ అది మీరే వెతుక్కోవాలి. గుర్తుగా ఉంటుందని లైక్ కొట్టే అలవాటుంటే ఇక్కడే జాగ్రత్త.

ట్విట్టర్‌లోనూ ఇదే అలవాటు. తర్వాత చదువుదామని లైక్ కొట్టేవాళ్లు, ఆ లైకులేమో అందరికీ కనిపించేవి. అందుకే 2018లో ఎవరికీ కనబడని బుక్‌మార్క్ బటన్ తెచ్చారు. 2024 జూన్‌లో ఎక్స్ లైకుల లిస్ట్‌ని కూడా ప్రైవేట్ చేసింది. పింటరెస్ట్‌లో సీక్రెట్ బోర్డులు 2012లో వచ్చాయి. మొదట మూడింటికే పర్మిషన్, తర్వాత ఆ లిమిట్ ఎత్తేశారు.

యూట్యూబ్‌లో లైక్ చేసిన వీడియోల లిస్ట్ 2019 డిసెంబర్ నుంచి ప్రైవేట్. మీరు సొంతంగా చేసుకునే ప్లేలిస్టులకు మాత్రం పబ్లిక్, అన్‌లిస్టెడ్, ప్రైవేట్ అని మూడు ఆప్షన్లుంటాయి. అన్‌లిస్టెడ్ అంటే తాళం వేసినట్టు అనుకుంటే పొరపాటే. లింక్ చేతికొస్తే ఎవరైనా చూడొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో లింకులు ఎంత దూరం వెళ్తాయో తెలుసు కదా!

చట్టం కాపాడుతుందా?

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో చాలామంది గమనించని క్లాజ్ ఒకటుంది. యూజర్ తన సమాచారాన్ని తానే పబ్లిక్‌గా పెడితే, ఆ సమాచారానికి ఈ చట్టం వర్తించదు. మరి యాప్ డీఫాల్ట్‌గా పబ్లిక్ పెట్టి, యూజర్ దాన్ని గమనించకపోతే? అది 'తానే పెట్టినట్టు' అవుతుందా, కాదా అన్నది లాయర్లు వాదించుకోవాల్సిన విషయం. అప్పటిదాకా రక్షణ ఉందన్న ధీమాతో ఉండే వీల్లేదు.

తెలుసుకోవడానికి చిన్న చిట్కా ఉంది. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ కాకుండా మీ ప్రొఫైల్ లింక్ ఓపెన్ చేయండి. అందులో కనిపించేదంతా ప్రపంచంలో ఎవరైనా చూడగలిగేదే. ఆ తర్వాత ఇంట్లో ఒకరి ఫోన్ తీసుకుని, వాళ్ల అకౌంట్ నుంచి కూడా చూడండి. తెలిసినవాళ్లకు మాత్రమే అదనంగా కనిపించేవి ఏమైనా ఉంటే అక్కడే బయటపడతాయి.