మీకు తెలుసా? పడవే గండికి అడ్డయింది!

1953 జనవరి 31, శనివారం రాత్రి. ఉత్తర సముద్రం మీద వాయవ్యం నుంచి వీచిన చలికాలపు పెనుగాలి, పున్నమి పోటుతో కలిసి నీటిని దక్షిణాన ఇరుకైన భాగంలోకి తోసింది. నెదర్లాండ్స్‌లో కట్టలు తెగి 1,836 మంది, ఇంగ్లండ్ తీరంలో 300 మందికి పైగా చనిపోయారు. మనసును కలచివేసే సంగతేమిటంటే, డచ్ రేడియో అప్పట్లో రాత్రిళ్లు పనిచేసేది కాదు. నిద్రలో ఉన్న పల్లెలకు హెచ్చరికే అందలేదు. రోటర్‌డామ్ దగ్గర నదికట్టకు గండి పడితే, ఆరీ ఎవెగ్రూన్ అనే సరంగు తన పడవనే అడ్డంగా నిలిపి వరదను ఆపాడు. ఎంత తెగువ! ఆ విషాదం తర్వాతే డచ్‌వారు డెల్టా వర్క్స్ అనే వరద రక్షణ కట్టడాలు చేపట్టారు. వాటిలో ఊస్టర్‌స్కెల్డె అడ్డుకట్ట పొడవు సుమారు 9 కిలోమీటర్లు; దాన్ని 1986లో ప్రారంభించారు.