ఆగిన డౌన్‌లోడ్‌ను కొనసాగించడం

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు బొర్రా గుహల పరిసరాల్లో వరుసగా సొరంగాలు దాటుతుంది. సిగ్నల్ పోతుంది, సగం దిగిన పాఠ్యాంశం ఆగుతుంది. మళ్లీ మొదటి నుంచి దింపితే ఆ రోజు డేటా అయిపోయినట్లే.

ఇందుకు లినక్స్‌లో 'డబ్ల్యుగెట్' ఆదేశం ఉంది. 1996లో వచ్చిన ఈ ప్రోగ్రాం తెగిన కనెక్షన్‌ను మామూలుగా 20 సార్ల వరకు ప్రయత్నిస్తుంది. అయినా ఆగిపోతే, లేదా మీరే ల్యాప్‌టాప్ మూసేస్తే, టెర్మినల్‌లో డబ్ల్యు, జి, ఇ, టి అక్షరాలు కలిపి టైపు చేసి, ఖాళీ వదిలి, అడ్డగీత, చిన్న 'సి', మళ్లీ ఖాళీ, ఆపై ఫైలు చిరునామా ఇవ్వండి. 60 ఎంబీ దిగి ఉంటే అక్కడి నుంచే సాగుతుంది. సగం ఫైలు ఉన్న ఫోల్డరులోనే ఆదేశం ఇవ్వాలి. చాలామంది తడబడేది ఇక్కడే. 'సి' మరిచిపోతే పేరు చివర 1 చేరిన కొత్త ఫైలు మొదటి నుంచి దిగుతుంది. ఫైలును మధ్య నుంచి పంపే వీలు సర్వర్‌లో లేకపోతే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.