చేనేత ఇల్లు (చీరాల ప్రాంతం)

చేనేత ఇల్లు అనగా నివాసము, మగ్గము ఒకే కప్పు క్రింద ఉండేటట్లు కట్టుకొన్న ఇల్లు. బాపట్ల జిల్లాలో (2022 వరకు ప్రకాశం జిల్లా) చీరాల పరిసరాలలోని ఈపురుపాలెం, జాండ్రపేట, వేటపాలెం వంటి ఊళ్ళు చేనేతకు పేరు పొందినవి. ఈ ఇంటి నిర్మాణంలో ముఖ్యమైనది గోడ గాని, కప్పు గాని కాదు, నేలలోని గుంట.

'''మగ్గపు గుంట'''

గుంట మగ్గంలో నేతగాడు నేల మట్టానికి కూర్చొని, కాళ్ళు గుంటలోకి దింపి తొక్కుడు చెక్కలను తొక్కుతాడు. మట్టినేల చెమ్మ వలన నూలు పోగులు ఎండి తెగిపోకుండా ఉంటాయి. అందువలన మగ్గం ఉన్న గదికి గాలి తక్కువగాను, వెలుతురు చాలినంతగాను ఉండాలి. ఈ రెండూ ఒకేచోట కుదరడం సులభం కాదు. కిటికీని సాధారణంగా మగ్గానికి ప్రక్కన పెడతారు.

ఇంగ్లండులోని లాంకషైర్‌లో కూడా ఇదే అవసరం ఉండేది. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో అక్కడ ఉమ్మడి గోడలతో వరుసగా కట్టిన ఇళ్ళలో నూలు నేసేవారు చెమ్మ కోసం మగ్గాలను నేలమాళిగలలో పెట్టుకొనేవారు. అదే కాలంలో సంపన్నులకై కట్టిన వరుస ఇళ్ళకే చరిత్రలో ఎక్కువ పేరు వచ్చింది.

'''వీధి'''

ఇంటిలో చోటు చాలని పనులకు వీధి ఉపయోగపడుతుంది. పడుగును బారుగా సాచి గంజి పెట్టడానికి పొడవైన, తిన్నని వీధి కావాలి. ఎండ ఎక్కకముందే ఈ పని మొదలుపెడతారు.

'''చీరాల-పేరాల ఉద్యమం'''

చీరాల-పేరాలను పురపాలక సంఘంగా మార్చినపుడు పెరిగిన పన్నులను నిరసిస్తూ 1921లో ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్ళు విడిచి, ఊరి బయట రామనగర్‌లో సుమారు 11 నెలలు పాకలలో ఉన్నారు. నేతగానికి ఇల్లు విడవడమంటే పని విడవడమే. మగ్గపు కర్రలను విప్పి తీసుకుపోవచ్చును గాని, గుంటను క్రొత్తగా త్రవ్వుకోవలసినదే.

'''వర్షాకాలం'''

నూలుకు మేలు చేసే చెమ్మే వర్షాకాలంలో నేతగానికి శత్రువు. పల్లపు ప్రాంతాలలో గుంటలోకి నీరు ఊరితే, అది ఆరేవరకు నేత ఆగిపోతుంది. ముక్కకు ఇంత అని కూలి తీసుకొనేవారికి ఆ రోజులలో రాబడి ఉండదు. కేంద్ర ప్రభుత్వం 7వ పంచవర్ష ప్రణాళిక కాలంలో (1985–90) నేతపనివారికై ఇల్లు, పని షెడ్డు కలిపి కట్టించే పథకాన్ని ప్రవేశపెట్టింది. నేలపైన నిలబెట్టే స్టాండు మగ్గానికి గుంట అవసరం లేదు. అయితే సిమెంటు నేల మీద వేసవిలో నూలు త్వరగా ఎండుతుంది కనుక గదిలో నీళ్ళు చల్లుతూ ఉండాలి.