గాలిని తప్పించుకునే చుట్టిల్లు

ఇల్లు కట్టుకోవడం అనగానే మనకు సిమెంటూ ఇనుమూ గుర్తుకొస్తాయి. కాని పలాస, టెక్కలి, ఉద్దానం వైపు తీరంలో మన పెద్దవాళ్ళు ఇవేవీ లేకుండానే, గాలినీ వాననూ కనిపెట్టి ఇళ్ళు కట్టుకున్నారు. వాటిలో చెప్పుకోదగ్గది చుట్టిల్లు.

పేరులోనే ఉంది, ఇది గుండ్రని ఇల్లు. మట్టిలో గడ్డి కలిపి, నీళ్ళు పోసి, కాళ్ళతో బాగా తొక్కి, ముద్దలు పేర్చి గోడ లేపుతారు. ఒక వరుస ఆరాకనే పై వరుస వెయ్యాలి. తొందరపడితే బరువుకు కిందిది కుంగిపోతుంది. అందుకే ఇది ఎండాకాలపు పని. గోడమీద తాటి వాసాలు నిలిపి, కొసలన్నీ పైన ఒక్కచోట బిగించి కట్టి, తాటాకు కప్పుతారు. కప్పు గొడుగులా ఏటవాలుగా దిగుతుంది. చూరు ఎంత కిందికంటే, తల వంచితేగాని లోపలికి వెళ్ళలేం.

ఎందుకిలా అంటారా? గుండ్రని గోడకు గాలి నేరుగా కొట్టే వెడల్పాటి ముఖం ఉండదు. గాలి రెండు పక్కలకూ చీలిపోతుంది. తుఫానులో గాలి కప్పును కిందికి నొక్కడం కన్నా పైకి లాగడమే ఎక్కువ. వాలు తక్కువైతే ఆ లాగుడు మరీ ఎక్కువ. ఇక మట్టిగోడకు అసలు శత్రువు నీరు. పైనుంచి వాన తగలకుండా చూరు, కింద నీరు చేరకుండా ఎత్తైన అరుగు కాపాడతాయి.

ఎవరి భయాన్నిబట్టి వాళ్ళ ఇల్లు! టర్కీ వాళ్ళకు భూకంపాల భయం. అక్కడి పాత ఇళ్ళలో కర్రచట్రం నిలబెట్టి, మధ్యలో ఇటుకో మట్టో నింపుతారు. 1999 ఆగస్టు 17 నాటి భూకంపంలో ఎన్నో కాంక్రీటు మేడలు కూలిన చోట ఇలాంటి ఇళ్ళు చాలావరకు నిలిచాయి.

అలాగని చుట్టిల్లు అన్నిటికీ తట్టుకుంటుందని అనుకోకండి. తాటాకు కొన్నేళ్ళకోసారి మార్చాలి, నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. ఉప్పెన నీటికి మట్టిగోడ ఆగదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అంతటి గాలి వస్తుందని హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు ఏదైనా సరే, పిల్లల్నీ పెద్దల్నీ తీసుకుని తుఫాను రక్షణ భవనానికి వెళ్ళిపోవడమే మేలు.

మరి పట్నంలో ఉండే మనకు ఇందులో పనికొచ్చేదేమిటి? రేకుల కప్పో, మేడమీద రేకుల పందిరో ఉంటే, తుఫానుల నెలలు రాకముందే మేకులూ బోల్టులూ చూపించి బిగించుకోండి. ఊడిన రేకు గాలిలో కత్తితో సమానం. కిటికీలపై వాన పడకుండా చూరు వదలమని మేస్త్రీకి చెప్పండి. గోడ మొదట్లో నీరు నిలవనివ్వకండి. ఇల్లు పాతదైనా కొత్తదైనా గాలీ నీరూ అవే కదండీ!