చేతికందని శిల్పము

అంధగజన్యాయమును మన పండితులు అవకాశము చిక్కినప్పుడెల్ల ఉదాహరించుచుందురు. కాలు తడవినవాడు ఏనుగు స్తంభమువంటిదనెను. చెవి తడవినవాడు చేటవంటిదనెను. తోక పట్టినవాడు త్రాటివంటిదనెను. ఈ కథ విని చూపుగలవారు నవ్వుకొందురు. కాని దోషమెవ్వరిది? ఆ చేతులు అబద్ధమాడలేదు. వారికి కొరవడినది బుద్ధి గాదు. ఆ యవయవములన్నియు ఎట్లు కూడియున్నవో తెలుపు సమగ్రరూపము. ముందుగా ఒక చిన్న మట్టియేనుగును వారి చేతికిచ్చియుండినచో ఆ కలహమే పుట్టియుండదు.

మన ప్రాచీన నిర్మాణములయొద్ద అంధులకు కలుగు ననుభవము తరచుగా నిట్టిదే. పాలంపేటలోని రామప్ప గుడిని తీసికొందము. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన యీ యాలయమునకు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. చూపులేని యాత్రికుడొకడు అచ్చటికి పోయెననుకొందము. ఎత్తయిన అరుగు అంచు అతని చేతికి తగులును. అది మాటిమాటికి లోనికి మడిగి వెలికి వచ్చుచుండును. ఆ మడతలన్నియు గలిసి నక్షత్రాకారమగునని యతనికెట్లు తెలియును? లోపలి నల్లరాతి స్తంభముల నునుపును తాకి యానందించును. కాని చూరు క్రింద నిలిచిన మదనికలు అతని చేతికందవు. విమానము నీట తేలునంతటి తేలిక యిటుకలతో కట్టినదని వినును; దాని యాకారము మాత్రము ఎరుకలోనికి రాదు. వెంట వచ్చినవారు "చాల బాగున్నది" అందురు, అతడు తలయూపును. చూడవచ్చినది గుడిని, తీసికొనిపోవునది పరుల ప్రశంసను.

ఈ కొరత తీర్చునది స్పర్శపటము. ఇందు గోడలు ఉబ్బెత్తు గీతలుగా నుండును; మెట్లకొక గరుకు, నడకదారికొక నునుపు; చదువరి నిలిచిన చోటు తెలుపుట కొక ప్రత్యేకమైన గుర్తు. పేర్లు బ్రెయిలీ లిపిలో నుండును. 1829లో ఫ్రాన్సుదేశమున లూయీ బ్రెయిలీ ప్రకటించిన యా యారు చుక్కల విధానమే 1951లో భారతీయ భాషలకెల్ల ఒక్క పద్ధతిగా కుదిరినది. తెలుగును అందు చదువవచ్చును.

అయితే బల్లపై గీతలు ఉబ్బించినంతమాత్రమున పటము కాదు. కన్ను ఒక్కమారుగా చూచును. వ్రేలు క్రమక్రమముగా కూర్చుకొనును. కావున వివరములు క్రిక్కిరిసినచో గందరగోళమే మిగులును. నేలకట్టును తెలుపుటకొక పటము, ఎత్తును తెలుపుటకొక చిన్న నమూనా వేరువేరుగా నుండవలెను. ఎండలో లోహఫలకము నిలిపినచో మన వేసవిలో దానిపై చేయి పెట్టనలవి గాదు, నీడ కావలెను. నడివయస్సున చూపు పోయినవారిలో బ్రెయిలీ రానివారు పెక్కుమంది గలరు. వారికై మాటలలో వివరణము వినిపింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పటము స్థాపించుటకు పూర్వమే అంధులచేత పరీక్షింపజేయవలెను.

తాకుటవలన శిల్పము లరుగునని కొందరందురు. ఆ మాట నిజమే. అందులకే ప్రతిరూపము కావలయునని మేము చెప్పుచున్నాము. ఇటలీలోని అంకోనా నగరమున ఒక అంధదంపతుల సంకల్పమువలన 1993లో వెలసిన ఓమెరో ప్రదర్శనశాలలో ప్రఖ్యాత శిల్పముల ప్రతిరూపములను చేతులార తడవి చూడవచ్చును. ఢిల్లీ జాతీయ ప్రదర్శనశాల 2015లో "అనుభవ్" అను పేర నిట్టి విభాగమును తెరచినది.

ఇది పరదేశమునుండి యెరువు తెచ్చుకొనవలసిన యాలోచనయు గాదు. అమరావతి మహాస్తూపము శిథిలమైనది. దాని ఫలకములు పెక్కు చెన్నపట్టణమునను లండనునను ఉన్నవి. నిలిచియున్ననాడు స్తూపమెట్లుండెనో నేడు మన కెట్లు తెలిసినది? ఆనాటి శిల్పులే అండమును, ప్రాకారమును, దిక్కుదిక్కున ఐదేసి ఆయకస్తంభములను ఆ ఫలకములపై ఉబ్బెత్తుగా చెక్కియుంచిరి గనుక. ఆ స్తూపము విషయమున మనమందరము అంధులమే. ఆ ఫలకములే మనకు చేతికర్ర.

2011 జనాభా లెక్కలలో దేశమున దృష్టిలోపముగలవారు 50 లక్షలకు పైగా తేలిరి. వికలాంగుల హక్కుల గూర్చిన 2016 నాటి చట్టము కళలను వారికి అందుబాటులోనికి తేవలెనని ప్రభుత్వమునకు విధించినది. ఇట్టి సదుపాయముల ప్రమాణములను కేవలము సలహాలుగా విడిచిపెట్టరాదని 2024 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. కావున ఇది దయాధర్మము గాదు, ఋణము.

మన గ్రామములలో గుడిమెట్లు కట్టించి పేరు చెక్కించుకొను పుణ్యాత్ములకు కొదువ లేదు. పురావస్తుశాఖవారి యనుమతితో, వారి పర్యవేక్షణమున, ఒక్కొక్క కట్టడమునొద్ద ఒక్కొక్క స్పర్శపటము నెలకొల్పుటకు అట్టివారు ముందుకు వత్తురు గాక. అధికారులును వారిని కాగితములతో అలయింపకుందురు గాక. ఏనుగును తెలియలేదని గ్రుడ్డివారిని చూచి తరతరములుగా నవ్వితిమి. ఇకనైన మట్టియేనుగును వారి చేతికిత్తము.