మీ పాప కళ్ళతో నేర్చుకునే రకమా? చెవులతోనా?

ఈమధ్య మన బెజవాడలో ఏ ఇద్దరు తల్లులు కలిసినా మాటలు పిల్లల చదువు దగ్గరికే వస్తున్నాయి. ఎల్.కె.జి. పిల్లాడికి కూడా కంప్యూటర్‌లో ఏదో ఒక ఆట, ఫోన్‌లో ఏదో ఒక చదువు యాప్! "మావాడు చూసి నేర్చుకునే రకమండీ, అందుకే బొమ్మల కోర్సు కొన్నాం" అని ఒకావిడ అంటే, "మా అమ్మాయికి చెవిన పడితే చాలు, పాటల కోర్సు తీసుకున్నాం" అని ఇంకొకావిడ. వేలకు వేలు వాయిదాల మీద కట్టేవాళ్ళూ ఉన్నారు. వేలిముద్రలు తీసుకుని పిల్లల తెలివి ఏ రకమో చెప్పేస్తామంటూ కొందరు బయల్దేరారు కూడా.

ఇంతకీ పిల్లల్లో ఇలాంటి రకాలు ఉన్నాయా? ఆ రకాన్ని బట్టి ఆట కొనాలా? డబ్బు తీసేముందు కాస్త ఆలోచిద్దాం.

ఈ రకాలు ఎక్కడివి?

చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చదివి రాసి నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అంటూ నాలుగు రకాల పట్టికకు న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1992లో ప్రచారం తెచ్చారు. అమెరికాలో హోవార్డ్ గార్డ్‌నర్ 1983లోనే తెలివితేటలు అనేక విధాలని పుస్తకం రాశారు. జనం రెండిటినీ కలిపేశారు. నేను చెప్పింది వేరు, ఈ నేర్చుకునే రకాలు వేరు అని గార్డ్‌నర్ గారే 2013లో రాయాల్సి వచ్చింది!

2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించారు. పిల్లలకి ఇష్టాలు ఉండడం నిజమే. కానీ 'కంటి రకం' పిల్లలకి బొమ్మలతో, 'చెవి రకం' పిల్లలకి మాటలతో విడివిడిగా చెబితే చదువు బాగా వస్తుందనడానికి సరైన రుజువు వాళ్ళకి దొరకలేదు. ఇక వేలిముద్రల్ని బట్టి తెలివి కనిపెట్టడానికైతే శాస్త్రంలో ఆధారమే లేదు.

మన వంటింట్లోనే చూడండి. కొత్త కోడలికి ఆవకాయ నేర్పాలి. పాళ్ళు నోటితో చెబుతాం, కారం రంగు చూపిస్తాం, ఆవపిండి వాసన చూడమంటాం, చివరికి చెయ్యి పెట్టి కలపమంటాం. "ఈ పిల్ల చెవి రకం, చెబితే చాలు" అని ఊరుకుంటే జాడీ ఏమవుతుంది? నేర్పే పద్ధతి పిల్లని బట్టి కాదు, నేర్పే విషయాన్ని బట్టి ఉండాలి. పాట చెవికి, పటం కంటికి, అక్షరం దిద్దడం చేతికి. చాలా విషయాలకి అన్నీ కలిస్తేనే అందం!

ముద్ర వేస్తే వచ్చే ముప్పు

గుడివాడలో మా ఆడపడుచు కూతురికి ఏడేళ్ళు. ఓ కేంద్రం వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఏవో ప్రశ్నలు వేసి, "ఈ అమ్మాయిది చెవి రకం, బొమ్మలూ పుస్తకాలూ పనికిరావు" అని తేల్చేశారు. వినే పాఠాల కోర్సు ఒకటి అంటగట్టారు. రెండు నెలలయ్యాక, బోర్డు మీది లెక్క ఎక్కించుకోవడానికి పిల్ల ప్రతిసారీ లేచి ముందుకు రావడం బళ్ళో టీచరుగారు గమనించి కబురు పెట్టారు. కళ్ళ డాక్టరు చూస్తే దూరపు చూపు మందంగా ఉందన్నారు. కళ్ళజోడు పెట్టాక ఇప్పుడు వెనక బెంచీ నుంచే చదివేస్తోంది. కోర్సుకి కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ ముద్రే నమ్మి ఇంకో రెండేళ్ళు ఊరుకుంటే? అందుకే పిల్ల బొమ్మలు చూడనంటున్నా, పిలిస్తే పలకకపోయినా ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి. ఆ తర్వాతే ఆటల సంగతి.

ఏ ఆట మంచిది?

అలాగని కంప్యూటర్ ఆటలన్నీ చెడ్డవని కాదు. డబ్బు పెట్టకుండానే దొరికే మంచివి ఉన్నాయి. 2000లో ఫ్రాన్స్‌లో మొదలైన 'జీకాంప్రి'లో రెండేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లలకి లెక్కలు, అక్షరాలు, జ్ఞాపకశక్తి ఆటలు వందకు పైగా ఉన్నాయి. 2002లో వచ్చిన 'టక్స్ పెయింట్' చిన్నపిల్లలు బొమ్మలు వేసుకోవడానికి. రెండూ ఉచితమే.

ఏ ఆటైనా పిల్లలకి ఇచ్చేముందు మీరు పావుగంట ఆడి చూడండి. కాథీ హిర్ష్-పాసెక్, ఆవిడ తోటివారు 2015లో రాసిన వ్యాసంలో నాలుగు సంగతులు చూడమన్నారు. మన మాటల్లో అవి ఇవీ:

1. పిల్లాడు ఆలోచించి నొక్కుతున్నాడా, గంట మోగేదాకా ఏదో ఒకటి నొక్కేస్తున్నాడా? వరసగా నొక్కుకుంటూ పోయినా గెలిచే ఆటైతే అది చదువు కాదు.

2. మధ్యమధ్య ప్రకటనలు, అవసరం లేని గంతులు, మోతలు ఉన్నాయా? అవి మనసుని పాఠం మీద నిలవనివ్వవు.

3. ఆటలోది బతుకులో కనిపిస్తుందా? ఆటలో ఏపిల్ పళ్ళు లెక్కపెట్టిన పిల్లచేత బుట్టలోని నూజివీడు మామిడిపళ్ళు కూడా లెక్కపెట్టించండి. అక్కడా చెప్పగలిగితే వచ్చినట్టే.

4. పక్కన మనిషి ఉన్నారా? "ఇదెందుకు ఎంచుకున్నావమ్మా?" అని మీరు అడిగే ఒక్క ప్రశ్నకి ఏ యాప్ సాటిరాదు.

ఎంతసేపు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం రెండేళ్ళు నిండని పిల్లలకి టీవీ, ఫోన్ అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంట దాటకూడదు, అంతకంటే తగ్గితే మరీ మంచిది. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ ఇచ్చే అలవాటుంటే, ఆ గంట తెలియకుండానే అక్కడే అయిపోతుంది సుమండీ!

ఇంట్లో ఉన్నవి మరిచిపోకండి

కంటినీ చెవినీ చేతినీ కలిపి నేర్పడం మన ఊరికి కొత్త కాదు. 1939లో మద్రాసు వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాలుంటాయి. పిల్ల అక్షరాన్ని కంటితో చూస్తూ, వేలితో దిద్దుతూ, పైకి పలుకుతుంది. ఏ రకం పిల్ల అని ఎవరూ అడగరు! ఆ పేరుతోనే విజయవాడలో విద్యాసంస్థలు స్థాపించిన వి. కోటేశ్వరమ్మగారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం కూడా 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 'జాదుయీ పిటారా' తెచ్చింది. ఆ పెట్టెలో ఉన్నవీ ఆటబొమ్మలు, పజిల్స్, తోలుబొమ్మల్లాంటివి, కథల పుస్తకాలే.

వామనగుంటల పీట, గుప్పెడు చింతపిక్కలు ఉంటే కూడికలు వచ్చేస్తాయి. గవ్వలు, వైకుంఠపాళీ ఉంటే అంకెలు వరసగా వస్తాయి. తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు నాలుగు ముందు పెట్టి కథ చెప్పమనండి. అయిదేళ్ళ పిల్ల ఎన్ని మాటలు ఎత్తుకుంటుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఈసారి ఎవరైనా "మీ పాపది ఏ రకమో చెబుతాం" అని వస్తే, "మా పాపకి దేవుడు కళ్ళూ చెవులూ చేతులూ అన్నీ ఇచ్చాడండీ" అని చెప్పి పంపించండి. ఆ డబ్బుతో ఏడాదికోసారి కళ్ళ పరీక్ష చేయించండి, నాలుగు కథల పుస్తకాలు కొనండి.