ఫలక్‌నుమా: అతిథుల మేడ

ఉర్దూలో 'ఫలక్' అనగా ఆకాశము, 'నుమా' అనగా చూపునది. మన కడప సీమను 1800లో ఆంగ్లేయుల పరము చేసిన నిజాముల రాజధాని హైదరాబాదులో, చార్మినారుకు దక్షిణముగా గుట్టపై ఈ పేరు దాల్చిన సౌధము కలదు. ముగ్గురాయి గనుల మంగంపేటలో పెరిగిన మనకు దాని ఇటలీ చలువరాయి వింత గొల్పవచ్చును. అంతకంటె దాని చరిత్రయే విచారింపదగినది.

పైగా వంశీయుడైన సర్ వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేయించెను. పిదప ఆయన నిజాము ప్రధానియు నయ్యెను. అయినను మేడ వ్యయము ఆయనను అప్పులపాలు చేసెను. తుదకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దీనిని గైకొనగా, ఇది రాచవిడిది యయ్యెను. 101 మంది ఒక్కమారు భుజింపగల బల్ల ఇందు కలదు. ఐదవ జార్జి యువరాజుగా నుండగా, 1906లో మేరీతో కూడ ఇచట విడిసెను. 1911లో మహబూబ్ అలీఖాన్ ఇచటనే కన్నుమూసెను. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన పిమ్మట ఈ మేడ చిరకాలము నిరుపయోగముగా నుండెను.

ఎస్రా రాకుమారి పర్యవేక్షణలో దాదాపు పదేండ్లు మరమ్మతులు జరిగిన మీదట, 2010లో తాజ్ సంస్థ దీనిని హోటలుగా తెరచెను. 2017లో ఇవాంకా ట్రంపునకు ప్రధాని మోదీ విందొసగినది ఇచటనే.

కట్టించినవానికి దక్కని మేడ నేడు రుసుము చెల్లించు ఎల్లవారికిని ద్వారము తెరచినది. అప్పు చేసి కట్టడమును లేపవచ్చును. దానిని నిలుపునది మాత్రము వాడుకయు, సంరక్షణయుమే. మన సిద్ధవటము, గండికోటలను చూచునపుడెల్ల విద్యార్థి సోదరులు ఈ మాట తలపోయుదురు గాక!